రెండో భాగం ఎంతసేపు

పళ్లమేస్త్రికి అభిప్రాయం లేని విషయం ఈ భూమ్మీద లేదు. వానలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో, పిల్లలు లెక్కల్లో ఎందుకు తప్పుతున్నారో, ఎడమ దవడతో నమిలేవాళ్లు ఎందుకు మొండివాళ్లవుతారో ఆయనకు తెలుసు. అడిగితే చెప్తాడు. అడగకపోయినా చెప్తాడు, కాకపోతే అప్పుడు కాస్త పొడుగ్గా చెప్తాడు.

చేసే పని మాత్రం తన నోటితో జరిగేది కాదు, ఇతరుల నోళ్లతో జరిగేది. దంతవైద్యులు రోగి నోట్లో మిగిలిన పళ్లతో సహా అచ్చు తీసి పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక జాగ్రత్తగా బయటికి లాగి, ఆ నమూనా మీద మైనంతో చిగుళ్లు కట్టి, కట్టుడు పళ్ల సెట్టు తయారుచేసి ఇస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని, ఇంటి వెనక అదే గది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద మైనం కరిగించే దీపం, గోడ పొడుగునా సొరుగుల్లో రంగుల వారీగా పళ్లు. గదిలో ఏ వస్తువు ముట్టుకున్నా చేతికి తెల్లగా ప్లాస్టర్ పొడి అంటుకునేది. ఊళ్లో చాలామంది నవ్వు తన చేతి మీదుగా వెళ్లిందేనని ఆయన గర్వం. వాళ్లు నవ్వుతున్నప్పుడు ఆ సంగతి గుర్తు చెయ్యడం మర్యాద కాదని భార్య ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు.

ఆ గదిలో అలమర మీద ఒక కేసెట్ ప్లేయర్ ఉండేది. పని మొదలుపెట్టిన ఏడాది పాత సామాన్ల దుకాణంలో కొన్నాడు. కొని ఇంటికి తెచ్చి మూత తీస్తే లోపల ఎవరో మరిచిపోయిన కేసెట్ ఒకటి కనిపించింది. అట్ట లేదు, పేరు సగం చెరిగిపోయింది. మీట నొక్కితే పెద్ద వాద్యబృందం వాయించే సింఫనీ మొదలైంది. అప్పటిదాకా పళ్లమేస్త్రికి సింఫనీ అంటే సినిమాలో పోట్లాట ముందు వచ్చే మోత. నాలుగు భాగాలూ విన్నాడు. కేసెట్ తిప్పి మళ్లీ విన్నాడు. ఆ రోజు ఎవరి పళ్లూ తయారు కాలేదు.

మొదటి భాగంలో పక్కగదిలో ఎవరో బరువైన బీరువా జరుపుతున్నట్టు తీగవాద్యాలు కిందిస్థాయిలో కదిలేవి. వాటి మీద బాకాలు తగువుకు దిగేవి. రెండో భాగం నెమ్మది. అది చివరికి వచ్చేసరికి తగువులన్నీ సద్దుమణిగి, ఒక్క ఓబో మిగిలేది. ఓబో అంటే సన్నటి నల్లటి గొట్టం, ఇంటిపేరు వేరైనా సన్నాయికి జ్ఞాతే. అది ఎవరినీ ఏమీ అడగకుండా తన బాధ తాను చెప్పుకునే మనిషిలా ఒక్క పొడుగాటి వాక్యం పలికేది. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకున్న చప్పుడు ఉండేది కాదు. ఆ వాక్యం నడుస్తున్నంతసేపూ పళ్లమేస్త్రి చేతులు ఆగిపోయేవి. ఇరవై రెండేళ్లు విన్నా ఒక్కసారీ ఆగకుండా ఉండలేదు. ఆ సింఫనీని ఆయన నిజంగానే ప్రేమించాడు. ఈ కథలో ఆయన్ని ఎంత ఎగతాళి చేసినా ఈ ఒక్క మాట అబద్ధం కాదు.

ప్రేమిస్తే ప్రేమించాడు, దాన్ని గడియారంగా కూడా వాడుకోవడం మొదలుపెట్టాడు. ప్లాస్టర్ కలిపి అచ్చులో పోసి మీట నొక్కేవాడు. మొదటి భాగం అయ్యేసరికి ప్లాస్టర్ వేడెక్కేది. రెండో భాగంలో ఓబో మాట పూర్తయి కేసెట్ టక్కున ఆగేసరికి గట్టిపడేది. అప్పుడు అచ్చు విప్పితే ఒక్క పన్నూ విరగకుండా నమూనా చేతిలోకి వచ్చేది. ఒకసారి చేతి గడియారం పెట్టి చూశాడు. మొదటి రెండు భాగాలూ కలిపి ముప్పై ఒక్క నిమిషాలు. ప్లాస్టర్ సంచి మీద కూడా ముప్పై నిమిషాలు ఆగమనే రాసి ఉంటుంది. ఆ సంగీతకారుడు కట్టుడు పళ్లవాళ్ల కోసమే రాశాడేమోనని ఆయన మురిసిపోయాడు. గోడ గడియారం చూసి అచ్చు విప్పేవాడు పనివాడే కాదని తోటి మేస్త్రీలకు ఉపదేశాలు కూడా ఇచ్చాడు.

సిద్ధాంతాలు కూడా చాలా పుట్టాయి. మూడో భాగం నాట్యమట. ఆయన చెవికి మాత్రం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల నాట్యంలా వినిపించేది. దాన్నిబట్టి సంగీతకారుడు దీన్ని డెబ్బై దాటాక రాసి ఉంటాడని తేల్చాడు. ఒకసారి భార్య తన పాటల కేసెట్ తెచ్చి అందులో పెట్టింది.

"ఏమండీ, గాయకుడికి జలుబు చేసినట్టుంది," అంది.

"నీ గాయకుడికి ఎప్పుడూ జలుబే. ఇన్నాళ్లూ నువ్వు గమనించలేదు, నా ప్లేయర్ నిజం చెప్పింది," అన్నాడు.

ఆవిడ కేసెట్ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గదిలో పాట పెట్టమని అడగలేదు.

ఆ సింఫనీని ఆయనతో కలిసి పూర్తిగా విన్న మనిషి ఒక్కతే. అక్క కూతురు. అక్క ఉద్యోగం నుంచి వచ్చేదాకా ఆ పిల్ల బడి అయ్యాక మావయ్య గదిలో ఖాళీ డబ్బా మీద కూర్చుని మైనం ఉండలు చేసుకుంటూ ఉండేది. ఒకరోజు రెండో భాగం చివర చేతిలో ఉండ అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"అదేం వాద్యం మావయ్యా?"

"క్లారినెట్," అన్నాడు పళ్లమేస్త్రి, తడుముకోకుండా. రెండేళ్ల తర్వాత ఏదో పుస్తకంలో చూసి అది ఓబో అని తెలుసుకున్నాడు. "నువ్వు క్లారినెట్ అంటూ ఉంటావు గానీ, అది ఓబో," అని ఆ పిల్లనే సరిదిద్దాడు.

పిల్ల పెద్దదైంది. బ్యాండు మేళం నడిపే ఒకాయన దగ్గర ఓబో నేర్చుకుంది. ఇప్పుడు పగలు మందుల షాపులో పని, శనివారాలు ఊరి వాద్యబృందంలో ఓబో. కొత్తలో ఒకసారి వాద్యం తీసుకొచ్చి కేసెట్‌తో కలిపి వాయించబోతే శ్రుతి కలవలేదు.

"మీ కేసెట్ కిందికి ఉంది మావయ్యా," అంది.

"ఆ రోజుల్లో తీగలు వదులుగా బిగించేవాళ్లు. అదో సంప్రదాయం. నీది చవకరకం ఓబో, అది వేరే సంగతి," అన్నాడు.

ఆయన మాట అంటే ఆ అమ్మాయికి గురి. తనకు సంగీతం పరిచయం చేసిన మనిషి, పైగా మేనమామ. నమ్మింది.

ఈ ఏడాది ఊరి వాద్యబృందం ఆ సింఫనీనే ఎంచుకుంది. పళ్లమేస్త్రి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తమ పెళ్లికి కూడా అంత హడావుడి పడలేదని భార్య అంది, కొంచెం నిష్ఠూరంగానే. బృందం నడిపేది బడిలో లెక్కల మాస్టారు. కచేరీ కరపత్రంలో వెయ్యడానికి ఆ సింఫనీ మీద అభిమానంతో ఒక పేజీ రాసిమ్మని పళ్లమేస్త్రిని అడిగాడు. ఈయన పదకొండు పేజీలు రాశాడు. డెబ్బై ఏళ్ల వృద్ధుడి అలసట, మోకాళ్ల నొప్పుల నాట్యం, వదులు తీగల సంప్రదాయం, అన్నీ ఎక్కించాడు. ఓబో గురించి రెండు పేజీలు. 'నలభై అయిదు సెకన్ల పాటు ఒకే ఊపిరి! ఆ ఊపిరితిత్తులకు నమస్కారం' అని రాసి, కింద గీత గీశాడు.

ఆ వాక్యం ఇప్పుడు వాయించవలసింది మేనకోడలు.

మూడు నెలలుగా ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తోంది. కాగితం మీద ఆ వాక్యం మొదటి నుంచి చివరిదాకా ఒకటే వంపుగీత ఉంది, అంటే మధ్యలో తెంపకూడదు. 'నెమ్మదిగా' అని ఉంది గానీ ఎంత నెమ్మదో లేదు. ఎంతో ఆ అమ్మాయికి పుస్తకం చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి వింటున్నదే. బృందంతో కలిసి రెండో భాగం వాయించడం వచ్చే శనివారం మొదలవుతుంది. దానికి ఆరు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, వచ్చి ఆ పాత డబ్బా మీద కూర్చుంది.

"నా వల్ల కావట్లేదు మావయ్యా," అంది. "నలభై సెకన్ల దాకా వస్తున్నా. చివరి నాలుగైదు సెకన్లు పలకట్లేదు. ఓబోలో గాలి అయిపోవడం కాదు, ఆ సన్నటి గొట్టంలోంచి పోలేక ఛాతీలోనే ఉండిపోయి చెడిపోతుంది. ఛాతీ పగిలిపోతుందేమో అనిపిస్తుంది."

"డాక్టరుకి చూపించుకోలేకపోయావా?"

"చూపించా. ఎక్స్‌రే కూడా తీశారు. ఏం లేదన్నారు." డబ్బా అంచుకి అంటిన ప్లాస్టర్ పొడి గోటితో గీకింది. "నిన్న లెక్కల మాస్టారికి చెప్పేశా, వేరేవాళ్లకి ఇవ్వమని. ఫ్లూట్ ఆయనకి ఇస్తానన్నారు."

ఇక్కడ మనసున్న మనిషి ఎవడైనా ఏం అంటాడు? ఫరవాలేదు తల్లీ, మధ్యలో ఒక్క చిన్న ఊపిరి తీసుకో, ఎవరికి తెలుస్తుంది అంటాడు. పళ్లమేస్త్రికి ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా మేనకోడలు ఉంటే, వెనకాల అలమర మీద సింఫనీ ఉంది. ఇరవై రెండేళ్ల భక్తి ముందుకొచ్చి నిలబడింది.

"మంచి పని చేశావు," అన్నాడు, గంభీరంగా. "చెయ్యలేనిది చెయ్యలేనని ఒప్పుకోవడం గొప్పే. ఆ వాక్యం అందరికీ రాసింది కాదు. ఆ కేసెట్లో వాయించినాయన ఛాతీ వేరు. తెంపి వాయించే కన్నా వదిలెయ్యడమే దానికి మర్యాద."

ఆ అమ్మాయి తలూపింది. ఇంకేదో అంటాడేమోనని కొంచెంసేపు చూసి లేచింది. అత్తయ్యతో కూడా మాట్లాడకుండా వెళ్లిపోయింది. పళ్లమేస్త్రికి తన నిజాయితీ మీద తనకే గౌరవం కలిగింది. ఆ గౌరవం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. అన్నం సహించక మధ్యలో లేచాడు.

సోమవారం కేసెట్ ప్లేయర్ బెల్టు తెగింది. రేడియో మెకానిక్ విప్పి చూసి, బెల్టుతో పాటు మోటారు చక్రం కూడా మార్చాలన్నాడు. మార్చెయ్యమని చెప్పి వచ్చాడు. అదే రోజు ప్లేయర్ ఇంటికొచ్చింది. మంగళవారం పొద్దున్న ప్లాస్టర్ పోసి మీట నొక్కితే సంగీతం ఎందుకో హుషారుగా వినిపించింది, స్వరం కూడా కొంచెం పైకి లేచినట్టుంది. వయసు మీద పడుతున్నకొద్దీ కాలం పరుగెత్తుతుందని ఆయనకో సిద్ధాంతం ఉంది. అది రుజువైందనుకుని సంతోషించాడు. ఓబో కూడా తొందరపడుతున్నట్టు అనిపించింది గానీ, ఆదివారం నుంచి ఆ చోటు వచ్చేసరికి మేనకోడలి ముఖం కనిపిస్తోంది. సరిగ్గా వినలేకపోయాడు.

కేసెట్ ఆగగానే అచ్చు విప్పాడు. ముందు పన్ను పుటుక్కుమని విరిగి అచ్చులోనే ఉండిపోయింది. మళ్లీ పోశాడు. ఈసారి రెండు విరిగాయి. బుధవారం ఒకటి, గురువారం మూడు. ఇరవై రెండేళ్ల పనిలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఒక దంతవైద్యుడు ఫోన్ చేసి, తన రోగి నాలుగు రోజులుగా జావ తాగుతున్నాడని గుర్తు చేశాడు. తప్పెక్కడుందో పళ్లమేస్త్రికి క్షణంలో తెలిసిపోయింది. ప్లాస్టర్ కల్తీ.

శుక్రవారం పొద్దున్నే సగం సంచి భుజాన వేసుకుని ప్లాస్టర్ దుకాణానికి వెళ్లాడు. దుకాణం నిండా జనం ఉండగా సంచి బల్ల మీద పడేసి, విరిగిన నమూనాలూ వాటి అచ్చులూ వరసగా పేర్చాడు.

"ఇది ప్లాస్టరా, మైదాపిండా? చెప్పండి. మైదాపిండి అయితే అట్లు పోసుకుంటాను."

దుకాణదారు నెమ్మదస్తుడు. ఒక్క మాట అనకుండా ఆ సంచిలోంచే గుప్పెడు తీసి గిన్నెలో కలిపాడు. విరిగిన నమూనా తాలూకు అచ్చులోనే పోశాడు. గోడ గడియారం చూసి తన పని తాను చేసుకున్నాడు. ముప్పై నిమిషాలకి అచ్చు విప్పి బల్ల మీద పెట్టాడు. పళ్లన్నీ వరసగా, తెల్లగా, ఎగతాళిగా ఉన్నాయి.

"మీరెంతసేపు ఆగారు?" అని అడిగాడు.

"అంతే ఆగాను. ముప్పై ఒకటి."

"గడియారం చూశారా?"

పళ్లమేస్త్రి నీళ్లు నమిలాడు. గడియారం చూడలేదు, సింఫనీ విన్నాను అని నలుగురిలో చెప్పడం ఎలాగో ఆయనకు తెలియలేదు. నమూనాలు మూటకట్టుకుని సరాసరి మెకానిక్ దగ్గరికి నడిచాడు. ప్లాస్టర్ నిర్దోషి అయితే నేరస్థుడు మెకానిక్ అయి తీరాలి.

"నా ప్లేయర్ పాడుచేశావు. వేగం పెంచేశావు," అన్నాడు గుమ్మంలోంచే.

మెకానిక్ దుకాణానికీ ఇంటికీ రెండు వీధులే. అతను పళ్లమేస్త్రి వెనకాలే వచ్చి, మూత తెరిచి కేసెట్ బయటికి తీశాడు. వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీదున్న భూతద్దం అందుకున్నాడు. పళ్ల మీద గీతలు చూడటానికి మేస్త్రి రోజూ వాడే భూతద్దమే అది.

"ఇదిగో, ఇక్కడ రాసే ఉంది. ఈ వైపు నిడివి ఇరవై ఏడున్నర నిమిషాలు. ఇప్పుడు పెట్టి చూడండి, సరిగ్గా అంతే వస్తుంది. ఇది తయారైన వేగం ఇదే."

"మరి ఇన్నాళ్లూ ముప్పై ఒకటి వచ్చేదే."

"మీరు కొనకముందే ఎవరో వేరే మిషన్ చక్రం తెచ్చి ఇందులో బిగించారండీ. చిన్నది. దాంతో టేపు నెమ్మదిగా తిరిగేది, స్వరం కూడా కిందికి దిగిపోయేది. మనుషులు పాడితే జలుబు చేసినట్టు వినపడి ఉండాలే, మీకెప్పుడూ అనుమానం రాలేదా?"

వంటింట్లో ఉన్న భార్య ఆ మాట విని గుమ్మంలోకి వచ్చింది. ఏమీ అనలేదు. అనక్కర్లేని సందర్భాలు సంసారంలో అరుదుగా వస్తాయి. వచ్చినప్పుడు ఆవిడ వాటిని పాడుచేసుకోదు.

మెకానిక్ వెళ్లాక పళ్లమేస్త్రి కేసెట్ పెట్టాడు. ఎదురుగా చేతి గడియారం పెట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పుల నాట్యం నిజంగానే నాట్యమైంది, కుర్రవాళ్లది. తీగలు ఏ సంప్రదాయం ప్రకారమూ వదులుగా లేవు. సిద్ధాంతాలు ఒక్కొక్కటే అచ్చులోంచి పళ్లలా పుటుక్కుమంటుంటే, నలుగురిలో తాను వాగిన వాగుడంతా గుర్తొచ్చి, ఎవరూ లేని గదిలోనే ముఖం దాచుకున్నాడు. అయినా కొంచెం నవ్వు కూడా వచ్చింది. ప్రపంచంలో ఇంత పెద్ద వెధవ తానొక్కడే అయి ఉంటాడని, అందులోనూ ఒక ప్రత్యేకత వెతుక్కున్నాడు.

కేసెట్ మళ్లీ మొదటి వైపుకి తిప్పి, ఓబో చోటికి వెళ్లాడు. ముల్లు చూస్తూ విన్నాడు. నలభై సెకన్లు.

ఈసారి నవ్వు రాలేదు. నలభై దాకా వస్తున్నా మావయ్యా, అంది ఆ పిల్ల. ఎక్స్‌రే తీయించుకుంది. మూడు నెలలు ఛాతీ పగిలేలా ఊది, తన ఊపిరితిత్తుల్లో లోపం ఉందనుకుంది. ఆ అదనపు అయిదు సెకన్లు కేసెట్లో వాయించినాయన కూడా వాయించలేదు. ఏ మనిషీ వాయించలేదు, ఒక చిన్న చక్రం వాయించింది. దాన్ని చూపించి, అందరికీ రాసింది కాదు, వదిలెయ్యి అన్నాడు తను.

ఫోన్ చేశాడు. అక్క ఎత్తింది.

"అది ఎవరితోనూ మాట్లాడట్లేదురా. ఓబో పెట్టెలో పెట్టేసింది. కొనేవాళ్లుంటే చెప్పమని షాపులో ఎవరితోనో అందట. రేపు చివరిసారి వెళ్లి వాయించి, మిగతా కాగితాలు కూడా ఇచ్చేసి వస్తానంటోంది. నువ్వేమన్నావు దానితో?"

"నేను మాట్లాడతాను," అన్నాడు పళ్లమేస్త్రి. ఏమన్నాడో చెప్పడానికి ధైర్యం చాలలేదు.

శనివారం మధ్యాహ్నం ఆయన బడి హాలుకి వెళ్లేసరికి పది నిమిషాలు ఆలస్యమైంది. దానికి కూడా కారణం ఆయనే, దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ నడిచాడు. హాల్లో బెంచీలు గోడకి జరిపి, నలభై మంది అర్ధచంద్రంగా కూర్చున్నారు. వాళ్లలో ముగ్గురి నోళ్లలో ఉన్నది ఆయన పనితనమే. మేనకోడలు రెండో ఓబో కుర్చీలో, ఒళ్లో వాద్యం పెట్టుకుని కూర్చుంది. ఆ వాక్యం రాసున్న కాగితం ఫ్లూట్ వాయించే పోస్టాఫీసు గుమాస్తా ముందుంది. ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటున్నాడు. లెక్కల మాస్టారు రెండో భాగానికి చెయ్యెత్తాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు పళ్లమేస్త్రి, గుమ్మంలోంచి.

నలభై తలలు తిరిగాయి. దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ పాట మా అమ్మాయి వాయించాలి," అన్నాడు. "తనకి చేతకాక మానెయ్యలేదు. నా వల్ల మానేసింది. నా ప్లేయర్‌లో తప్పు చక్రం ఉంది. ఇరవై రెండేళ్ల నుంచీ నేను ఈ సింఫనీని తప్పుగా వింటున్నాను. నెమ్మదిగా. చిన్నప్పటి నుంచీ దానికీ అలాగే వినిపించాను. అది నలభై సెకన్లే, నలభై అయిదు కాదు. నలభై అది ఎప్పుడో సాధించింది. అయినా చేతకాదని నేనే చెప్పాను."

వెనక వరసలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. లెక్కల మాస్టారు చెయ్యి దించి, స్టాండు మీదున్న కాగితాల దొంతర పక్కకి తీశాడు. పదకొండు పేజీల వ్యాసం.

"నేనే మిమ్మల్ని కలుద్దామనుకున్నాను," అన్నాడు. "ఇది రాసినప్పుడు ఆ సంగీతకారుడికి ఇరవై తొమ్మిదేళ్లు. మీరు డెబ్బై అని రాశారు. వ్యాసం చాలా బాగుంది. కాకపోతే ఏ సింఫనీ గురించో నాకు అర్థం కాలేదు."

ఇప్పుడు ముప్పై తొమ్మిది మందీ నవ్వారు. ఆయన పళ్లతోనే ముగ్గురు నవ్వారు. నవ్వనిది మేనకోడలు ఒక్కతే. ఆయన వైపు కూడా చూడట్లేదు.

"మూడు నెలలు మావయ్యా," అంది, నెమ్మదిగా. అంతే అంది.

"తెలుసమ్మా."

"నా ఛాతీలోనే ఏదో ఉందనుకున్నా."

నిలబడటం తప్ప ఆయన చెయ్యగలిగింది లేదు, నిలబడ్డాడు. పోస్టాఫీసు గుమాస్తా కొంచెం ముఖం ముడుచుకున్నాడు. పాపం వారం రోజులు కష్టపడ్డాడు. తర్వాత పెన్సిల్ టిక్కులన్నీ రబ్బరుతో చెరిపి, కాగితం ఆ అమ్మాయికి అందించాడు. వయసు మీద పడి ఆ వాక్యం తన వల్ల కాదని మొదట్లోనే తప్పుకున్న మొదటి ఓబో ఆయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆ అమ్మాయి కదల్లేదు. కాగితం వంక, తన చేతుల వంక చూసుకుంది. వద్దంటుందేమోనని పళ్లమేస్త్రి గుమ్మం దాటి రెండు అడుగులు ముందుకేశాడు. ఇంతమందిలో పరువు పోయినప్పుడు కూడా వెయ్యని భయం అప్పుడు వేసింది.

ఆఖరికి లేచి వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఓబో నోటి దగ్గర పెట్టుకుంది.

లెక్కల మాస్టారు చెయ్యెత్తాడు. రెండో భాగం మొదలైంది. పళ్లమేస్త్రి గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. తీగలు తప్పులు వాయించాయి, బాకాలు రెండుసార్లు ముందే వచ్చేశాయి. మాస్టారు ఆపి మళ్లీ మొదలుపెట్టించాడు. మెల్లగా అన్నీ సర్దుకుని ఒక్కొక్కటే తగ్గాయి. మేనకోడలు నిండా ఊపిరి తీసుకుంది. అది హాలంతా వినిపించింది.

వాక్యం మొదలైంది. సగానికి వచ్చింది. రోజూ వాక్యం తెగే చోటు దగ్గరపడుతుంటే ఆ అమ్మాయి భుజాలు బిగుసుకున్నాయి, ముఖం ఎర్రబడింది. పళ్లమేస్త్రి తాను కూడా ఊపిరి బిగబట్టాడు. అప్పుడు చివరి స్వరం వచ్చేసింది. బిగుసుకున్న భుజాలు అలాగే ఉన్నాయి, వాక్యం అయిపోయింది. తర్వాత కూడా ఆ స్వరాన్ని వదలకుండా ఇంకొంచెంసేపు పట్టుకుంది. అంతసేపు ఉండాలని కాగితంలో లేదు. మాస్టారు చెయ్యి గాల్లో ఆపి, చాలించేదాకా ఎదురుచూశాడు.

పళ్లమేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్నవాళ్లు సంగీతానికి కరిగిపోయాడనుకున్నారు. నిజం చెప్పాలంటే అందులో సగమే సంగీతం. ఆయన ప్రేమించిన సింఫనీ ఆ హాల్లో లేదు. ఇది తొందరగా ఉంది, పడుచుగా ఉంది, ఆ అలసట లేదు. ఆయనది ఇక ఎవరూ వాయించరు. ఎవరూ ఎప్పుడూ వాయించలేదు కూడా. లేనిదాని కోసం ఏడవడం ఎంత తెలివితక్కువో ఆయనకు తెలుసు. అయినా ఏడిచాడు.

విరామంలో మేనకోడలు వచ్చి బెంచీ మీద పక్కన కూర్చుంది. ఓబో ఇంకా చేతిలోనే ఉంది.

"మీకు నచ్చలేదు కదూ," అంది.

బొంకుదామనుకున్నాడు. ఈ పిల్లతో ఇప్పటికే చాలా బొంకాడు. "నచ్చలేదమ్మా," అన్నాడు. "పరుగెడుతున్నట్టుంది. తప్పు నా చెవులది."

ఆ అమ్మాయి కోపం తెచ్చుకోలేదు. ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, అది ఇంకా తనదేనా అన్నట్టు కాసేపు అలా ఉంచుకుంది.

"నాకు ఊపిరి మిగిలింది మావయ్యా," అంది. "అయిపోయాక కూడా లోపల ఇంకా ఉంది."

పళ్లమేస్త్రి ఆ చెయ్యి వంక చూశాడు. చెప్పదలుచుకున్నవి చాలా ఉన్నాయి. అవన్నీ మింగేసి, ఒక్కటే అడిగాడు.

"మళ్లీ ఒకసారి వాయిస్తావా తల్లీ? నేను నేర్చుకోవాలి."